తొమ్మిదో నంబరు తాబేలు

ఒక ప్రాణి చచ్చిపోయిందో లేదో చెప్పడానికి డాక్టర్లు ఏళ్ళకేళ్ళు చదువుతారు. నేను ఏడో తరగతి సగంలో బడి మానేసి, ఒక కుంచె, ఒక పసుపు రంగు డబ్బా పట్టుకుని రెండు సీజన్ల పాటు అదే పని చేశాను. డాక్టరు పొరపాటు పడితే అది కాగితం మీద పడుతుంది. నా పొరపాటు పసుపు ఎనామిల్ పెయింటుతో, జానెడు అంకెతో, ఆ ప్రాణి వీపు మీదే పడింది. భీమిలి రోడ్డులోని ఆ జాలరిపేటలో నా ముఖం మరచిపోయినవాళ్ళు ఉన్నారేమో గానీ, ఆ అంకె మరచిపోయినవాళ్ళు లేరు.

తాబేళ్ళను కనిపెట్టుకునే పనికి ఈ మధ్య మీలాంటి కుర్రకారు చాలామంది వస్తున్నారు. మెడలో కార్డు, ఫోన్లో మ్యాపు, కాళ్ళకి మంచి బూట్లు. సంతోషం. మేడం చెప్పే పాఠం మీకు మేడం చెబుతారు. మేడం చెప్పినా వినని వాడి పాఠం మాత్రం నేనే చెప్పాలి. ఇంకెవరికీ అంత అనుభవం లేదు.

పోర్టులో నా ఉద్యోగం గ్రానైటు రాళ్ళ మీద నంబర్లు వేయడం. ఓ కాంట్రాక్టరు కింద ముప్పై ఏళ్ళు చేశాను. రాయి లారీలోంచి దిగుతుంది, తడి గుడ్డతో దుమ్ము తుడుస్తాను, నంబరు వేస్తాను, పక్క రాయి దగ్గరకు పోతాను. నంబరు పడిందంటే ఆ రాయి పని అయిపోయినట్టే, దానివైపు మళ్ళీ చూడక్కర్లేదు. యార్డులో నా అంత వేగంగా అంకె వేసేవాడు లేడని సూపర్‌వైజరే అనేవాడు. అన్ని వేల రాళ్ళలో ఒక్కటి కూడా తల తిప్పి నన్ను చూసిన పాపాన పోలేదు. రాళ్ళు అంత మర్యాదస్తులు.

రిటైరై గోపాలపట్నంలో ఇంట్లో కూర్చున్నాక పదోరోజుకే మా ఆవిడ విసిగిపోయింది. "కూకుంటే కూకో గానీ, బిందిలికి నంబర్లెయ్యకు" అంది. నిజానికి ఒక్క బిందెకే వేశాను.

ఓ ఆదివారం తెల్లారి చేపల కోసం ఆ జాలరిపేట ఒడ్డుకు వెళ్తే, అక్కడ ఓ పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని చచ్చిన తాబేలు వీపు మీద స్కెచ్ పెన్నుతో నంబరు వేయడానికి తంటాలు పడుతోంది. తడి డిప్ప మీద ఇంకు నిలుస్తుందా? జారి కారిపోతోంది.

"అమ్మా, ముందు తుడవాల. తర్వాత పెయింటెయ్యాల. ఇదేటి, పెళ్ళికూతురికి పారాణా?" అన్నాను.

ఆవిడ తలెత్తి చూసి పెన్ను నా చేతిలో పెట్టింది. "అయితే మీరు వేయండి. రేపు కూడా రండి."

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మన మేడం ఆవిడే. అలా చెబితే ఎవరైనా రావలసిందే. మర్నాటి నుంచి మొదటి బస్సులో నేను, నా పెయింటు డబ్బా. కండక్టరు రోజూ అడిగేవాడు: "ఏటి బావా, ఇయ్యాల ఏ గోడకి?"

పని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. చలికాలం చివర్లో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. సరిగ్గా ఆ నెలల్లోనే ఒడ్డుకు దగ్గరగా వలలు కూడా ఎక్కువ. తాబేలు నీళ్ళలో బతుకుతుంది గానీ గాలి మాత్రం పైకొచ్చి పీల్చుకోవాలి. వలలో చిక్కితే పైకి రాలేదు. మునిగిపోతుంది. కొట్టుకొచ్చిన వాటిని తెల్లవారి నడుస్తూ వెతకడం, కొలవడం, గొయ్యి తీసి పూడ్చడం మా వంతు. కెరటం ఒక శవాన్నే తీసుకుపోయి మర్నాడు ఇంకోచోట పడేస్తుంది కాబట్టి, రెండుసార్లు లెక్కలోకి రాకుండా వీపు మీద నంబరు. ఏ రోజుకారోజు ఒకటి నుంచి మొదలు, రంగు కనబడిందంటే అది పాత లెక్క.

నంబరుకు ముందు ఒక పరీక్ష ఉంది. కంటి మూల వేలితో మెల్లగా తాకాలి, తోక దగ్గర తాకాలి, పావుగంట ఆగి మళ్ళీ తాకాలి. వలలో స్పృహ తప్పిన తాబేలు అచ్చం చచ్చినదానిలాగే ఉంటుందట. మేడం మొదటిరోజే చెప్పారు. నేను "అలాగే మేడం" అన్నాను. పోర్టులో ముప్పై ఏళ్ళు "అలాగే సార్" అన్నవాణ్ణి కదా, మాట చాలా నమ్మకంగా వచ్చింది.

లెక్కల పుస్తకం రాసేది స్టీలుప్లాంటులో రిటైరైన ఒకాయన. గోదావరి జిల్లా నుంచి వచ్చి నలభై ఏళ్ళయినా ఆ 'అండి' మాత్రం గాజువాక గాలికి తుప్పు పట్టలేదు. తాబేలుకి కూడా "కాస్త ఇటు తిరగండి" అనేవాడు. నేను అంకె వేయడం, ఆయన పుస్తకంలో ఎక్కించడం. మంచి జోడీ.

మాకు కుదరనిదల్లా జాలరిపేటతోనే. తప్పు నాదే. చేరిన కొత్తలో, నలభై ఏళ్ళ పడవ మనిషి ఒకడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. చాటల్లా వెడల్పుగా ఉండే టేకు చేపల కోసం వేసే వల, ఒక్కో కన్నులో మనిషి తల పట్టేంత. నేను చచ్చిన తాబేలును చూపించి అందరూ వినేలా, "ఇదిగో, నీ వల సేసిన పని సూడు" అన్నాను. పెద్ద డైలాగు వేశాననుకున్నాను.

అతను సూది ఆపలేదు. "నా వలో, మరబోటోడి వలో, దాన్నడిగి సెప్పు మావా. నీ తాబేలు నా వల సింపీసిన్నాడు నువ్వొచ్చి అల్లుతావేటి? సచ్చినోటికి రంగులేసుకో. బతికినోల్ల జోలికి రాకు."

పక్కన ఎండుచేపలు తిరగేస్తున్న వాళ్ళమ్మ నవ్వింది. నా వయసుదే, నాకన్నా రెండాకులు ఎక్కువే చదివిన నోరు. ఆమెను అక్క వరస కలిపి అప్పా అని పిలవడం అప్పటి నుంచే మొదలుపెట్టాను. నోటితో గెలవలేనివాళ్ళతో చుట్టరికం కలుపుకోవడం మంచిది.

మేడం మాత్రం నన్ను చీవాట్లు పెట్టారు. "మనం చేసేది లెక్క. కాపాడగలిగేది వాళ్ళు. వల దగ్గర ఉండేది వాళ్ళే కదా?" ఆవిడకు వాళ్ళతో ఒక్కటే పని. వలలో కదలని తాబేలు దొరికితే వెంటనే సముద్రంలో వదిలేయకుండా, పడవలోనే దాని వెనకభాగం ఎత్తుగా పెట్టి కొన్ని గంటలు ఉంచమని అడగడం. ఊపిరితిత్తుల్లోంచి నీళ్ళు దిగిపోయి, కొన్నిటికి తెలివి వస్తుంది.

పేటలో ఎవరూ ఒప్పుకోలేదు. మొండితనం కాదు, భక్తి. వాళ్ళకి తాబేలంటే దేవుడు. "సచ్చిపోయిన దేవుణ్ణి పడవలో ఎట్టుకు తిరుగుతామేటమ్మా? దండమెట్టి సముద్రానికి ఒగ్గేత్తాం" అన్నారు. పడవ మనిషి నావైపు చూసి, "ఈ మావలాగ రంగులెయ్యం" అని కూడా కలిపాడు. మేడం మళ్ళీ అడగలేకపోయారు. దేవుడి సంగతిలో జంతుశాస్త్రం ఏం మాట్లాడుతుంది?

ఇక ఆ రోజు.

ముందురోజంతా గాలి. తెల్లారేసరికి మా రెండు కిలోమీటర్ల ముక్కలోనే ఎనిమిది పడి ఉన్నాయి. అన్ని ఒకేసారి నేనెప్పుడూ చూడలేదు. మేడం ముఖం చూడలేక నేను పనిలో పడ్డాను. తుడువు, అంకె వెయ్యి, నడు. యార్డులో లారీలు వరసకట్టిన రోజున ఎలా చేసేవాణ్ణో అలా. మొదటి రెంటికీ పరీక్ష చేశాను. ఆ తరువాత చేయి దానంతటదే రాళ్ళ కాలానికి పోయింది.

అవి కాక తొమ్మిదోది పడవల పక్కన, కొంచెం దూరంగా ఉంది. ఆడది. మెడ ఇసకలోకి వాలి, కళ్ళు సగం తెరిచి, ముందు రెక్క మీద వల తాడు కోసిన గీత. తుడిచాను. 9 వేశాను. అంకె చాలా బాగా కుదిరింది, ఆ సంగతి నాకింకా గుర్తు.

స్టీలుప్లాంటాయన పుస్తకం తీసి, "పరీక్ష చేశారాండి?" అన్నాడు.

"సేసినాను."

ఆయన రాసుకున్నాడు. నా జన్మలో వేళాకోళానికి చాలా అబద్ధాలు ఆడాను. ఇది మాత్రం వేళాకోళం కాదు.

గొయ్యి పడవల వెనకే తవ్వుతున్నారు. దగ్గరలో ఉన్నది కాబట్టి ముందు తొమ్మిదోదాన్నే లాగుదామన్నాను. తాడు ముడి వేసింది కూడా నేనే. పోర్టు ముడి, ఊడదు. ఇద్దరు మనుషులు అటు, నేను ఇటు. గొయ్యి అంచు దాకా తెచ్చేసరికి అప్ప చెంబుతో వచ్చింది. పూడ్చేముందు వాళ్ళలో ఎవరో ఒకరు వచ్చి నీళ్ళు చల్లి, బొట్టు పెట్టి పోతారు. దేవుడు కదా మరి. మేం తాడు పట్టుకుని నిలబడ్డాం. ఆమె వంగి ముఖం మీద నీళ్ళు చల్లింది.

బొట్టు పెట్టబోయిన వేలు గాల్లో ఆగిపోయింది.

"తమ్ముడా."

"బేగి కానీ అప్పా, ఇంకా ఎనిమిదున్నాయి."

"ఓరి నీ తొందర మండా! నీల్లు పడితే కన్ను మూసినాది రా ఇది! సచ్చినోల్లు కన్ను మూత్తారేటి?"

నేను తాడు వదిలేశాను. మేడం అంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చారు. ఆ వయసులో ఆవిడ ఇసకలో అలా పరుగెత్తడం అంతకుముందూ చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. మోకాళ్ళ మీద పడి కంటి మూల తాకారు. రెప్ప కదిలింది. సన్నగా, అసలు కదిలిందా లేదా అన్నట్టు. కానీ కదిలింది.

"వెల్లకిలా తిప్పకండి. బోర్లానే ఉండనివ్వండి. వెనకవైపు ఎత్తు కావాలి. నీడ కావాలి. తడి గోనె కావాలి" అంటూనే ఆవిడ ఫోన్లో ఎవరో పశువుల డాక్టరును పట్టుకున్నారు. మాలో ఒక్కడి దగ్గర కూడా వీటిలో ఒక్క వస్తువూ లేదు. మేం వచ్చింది పలుగు, పార, టేపు, పెయింటుతో. చచ్చినవాటికి కావలసినవన్నీ మా దగ్గర ఉన్నాయి. బతికినదానికి కావలసింది ఏదీ లేదు.

చెక్క తెచ్చింది పడవ మనిషి. తన పడవలోంచి ఊడదీసుకొచ్చి, కింద రెండు వల బెండ్లు పెట్టి వెనకభాగం పైకెత్తాడు. అప్ప ఎండుచేపల కింద వేసే గోనె తడిపి వీపు మీద కప్పింది. కప్పుతూ నా తొమ్మిదిని చూసింది. ఒక మాట అంటుందనుకున్నాను. అనలేదు.

కాసేపటికి ముక్కులోంచి నీళ్ళు కారాయి. చాలాసేపు ఏమీ లేదు. ఆ తరువాత ఒక్కసారి మెడ కొంచెం లేచి, నోరు తెరుచుకుని, "హుఫ్" అని ఒక ఊపిరి. మళ్ళీ తల వాలిపోయింది. రెండోది రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ లెక్క స్టీలుప్లాంటాయన వాచీ చూసి పుస్తకంలో రాసుకున్నాడు.

మిగతా ఎనిమిదింటి దగ్గరకూ వెళ్ళి ఒక్కోదాన్నీ మళ్ళీ పరీక్షించాను. ఈసారి పావుగంట, పావుగంట. ఎండ నెత్తికెక్కింది. ఏ కన్నూ కదలలేదు. కదలనందుకు ఏడవాలో, నేను చంపలేదని ఊరుకోవాలో తెలియలేదు. తిరిగి వచ్చేసరికి పడవ మనిషి తాబేలు పక్కనే గొంతుకూర్చుని మేడంను అడుగుతున్నాడు.

"ఇప్పుడు దీన్ని నీల్లలోకి ఒగ్గేత్తేనమ్మా?"

"మునిగిపోతుంది నాయనా. ఒంటి మీద తెలివి లేదు కదా. తల పైకెత్తలేదు."

అతను చెంబు అందుకున్నాడు. గోనె మీద నీళ్ళు చల్లాడు. చల్లుతూనే ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు: "అయితే నాను దండమెట్టి ఒగ్గేసినయ్యి..."

వాళ్ళమ్మ అతని వీపు మీద చేయి వేసింది.

అలాంటి చోట నా నోటికి ఒక జోకు వస్తుంది. ఎప్పుడూ వస్తుంది, అది నా రోగం. ఆ రోజు రాలేదు. వచ్చిన మాట ఇది: "ఒరే, నువ్వు తెలీక సేసినావు. నాను తెలిసే సేసినాను. పరీక్ష సెయ్యలేదు. సేసినానని అయ్యగారికి అబద్ధం సెప్పినాను."

స్టీలుప్లాంటాయన పుస్తకం మూశాడు. "నాకు తెలుసండి" అన్నాడు. "పావుగంట పని మీరు పావునిమిషంలో చేసొచ్చారు కదండి. గట్టిగా అడగాల్సింది నేనండి. మొహమాటపడ్డానండి."

మేడం చేయి చాపారు. పుస్తకం తీసుకుని తొమ్మిదో వరస కొట్టేయకుండా, పక్కన "బతికి ఉంది, మనవాళ్ళు సరిగా చూడలేదు" అని తన చేత్తో రాశారు. కొట్టేస్తే బాగుణ్ణని నేను నసిగాను. "కొట్టేస్తే రేపు వచ్చేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అన్నారు. మీరు ఇప్పుడు వాడే పుస్తకం మొదటి పేజీలో పరీక్ష గురించి పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది చూడండి. దాని పుట్టుక అదీ.

మధ్యాహ్నం మూడు దాటాక అది ముందు రెక్కలతో ఇసక తోడడం మొదలుపెట్టింది. ఒకసారి తోడి నా కాళ్ళ మీద ఇసక పోసింది. నాకే పోసింది, పక్కన ఇంతమంది ఉండగా. మేడం ఫోన్లో డాక్టరుతో మాట్లాడి, ఇంకో గంట చూసి, సరేనన్నారు. పీచుతో, ఇసకతో పెయింటు రుద్దాను. అంకె తోక పోయింది గానీ తల సున్నా పోలేదు. మంచి కంపెనీ పెయింటు కొన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. తొమ్మిది కాస్తా సున్నా అయ్యింది. ఆ రోజు నా మార్కులు కూడా అవే అని అప్ప అప్పుడు అంది. అంతవరకూ దాచుకుందన్నమాట.

నలుగురం ఎత్తి తడి ఇసకలో పెట్టాం. తనే పాక్కుంటూ వెళ్ళింది. మొదటి కెరటం వెనక్కి తోసింది, రెండోది తీసుకుపోయింది. నీళ్ళలో పసుపు చుక్క ఒకసారి కనిపించి మునిగింది. కొంత దూరంలో తల పైకొచ్చింది. గాలి పీల్చుకుంది. అప్పటిదాకా పడవ మనిషి కూర్చోలేదు.

మర్నాటి నుంచి పేటలో నా పేరు మారిపోయింది. "బతికున్నదానికి నంబరేసినోడు." ఒడ్డున అడుగు పెడితే చాలు, వలలు విప్పుకుంటున్నవాళ్ళు "మావా, మేం బతికే ఉన్నాం, సూసుకో" అని కేకేసేవారు. నేనూ ప్రతి పడవ దగ్గరా ఆగి, నా కథ నేనే ఇంకొంచెం మసాలా వేసి చెప్పేవాణ్ణి. నేను నీతులు చెప్పినన్నాళ్ళూ ముఖం తిప్పుకున్నవాళ్ళు, నేను వెధవనయ్యాక టీ ఇచ్చి కూర్చోబెట్టారు. నవ్వడం అయ్యాక తప్పకుండా ఒకడు అడిగేవాడు: "అది సరే, ఎనకాల ఎంత ఎత్తెట్టాల?" మేడం నెలల తరబడి చెప్పలేకపోయినదాన్ని నా పోయిన పరువు చెప్పగలిగింది. పరువు అంత పనికొస్తుందని తెలిస్తే ఇంకా ముందే పోగొట్టుకునేవాణ్ణి.

నెల తిరిగాక ఓ ఉదయం, అన్ని పడవలూ వచ్చేశాయి, పడవ మనిషిది రాలేదు. అప్ప సముద్రం వైపు చూస్తూ నిలబడింది. పొద్దు బాగా ఎక్కాక వచ్చాడు. పడవ ఇంకా కెరటాల్లో ఉండగానే చేయి ఊపుతున్నాడు. దగ్గరకు వెళ్ళి చూస్తే, పడవలో చేపలు సగమే. ముందుభాగంలో చెక్క మీద, బెండ్ల ఎత్తున, తడి లుంగీ కప్పుకుని ఒక తాబేలు. పక్కన అతని వల. నాలుగు బారల మేర కత్తితో కోసేసి ఉంది.

"మూడు గంటలై ఇలగే ఉంది మావా. తొందరగా వత్తే ఊగిపోద్దని మెల్లగా తెచ్చినాను" అన్నాడు. "ఇందాక ఓ పాలి ఊపిరి తీసినాది. నాను సూసినాను."

నేను కంటి మూల తాకాను. పావుగంట ఆగి మళ్ళీ తాకాను. రెండుసార్లూ రెప్ప పడింది. ఆ సీజను మిగతా రోజుల్లో అతని వల చిరుగును నేనూ కూర్చుని అల్లాను. మొదటిరోజు అతను అడిగిందే కదా. నా అల్లిక చూసి, ఇందులోంచి తాబేలేటి, పడవే దూరిపోద్ది అన్నాడు. అది వేరే సంగతి.

ఒడ్డున దించిన ఆ తాబేలు కాపలా మాత్రం ఆ రోజు నా వంతు. మేడంకు కబురు వెళ్ళింది. స్టీలుప్లాంటాయన పుస్తకం తెరిచి దూరంగా పడవ నీడలో కూర్చున్నాడు. నేను లుంగీ మీద చెంబుతో నీళ్ళు పోస్తూ, ఊపిరి లెక్కపెడుతూ, పడవకి చేరగిలబడ్డాను. తెల్లవారుజామున లేచిన ఒళ్ళు, పైన చల్లగాలి. కాసేపటికి తాబేలు నాకు కాపలా కాసింది.

ముఖం మీద చల్లటి నీళ్ళు పడేసరికి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. అప్ప చెంబు పట్టుకుని, నా కంట్లోకే పరీక్షగా చూస్తోంది. తాబేలు అప్పటికే తలెత్తి అటువైపు చూస్తోంది. అప్ప నడుం మీద చేయి వేసుకుని, స్టీలుప్లాంటాయన వైపు తిరిగి పేటంతా వినబడేలా కేకేసింది:

"అయ్యగారో, పుస్తకం మూసీండి! ఈడికి రెప్ప పడతంది. నంబరెయ్యకండి!"